రాళ్ళ నడుమ తోవ

ఓరుగల్లు అంటే ఒంటిరాయి. కాకతీయుల రాజధానికి ఏకశిలానగరమనే పేరు కూడా ఆ ఒంటిరాతి నుంచి వచ్చినదే. కోటలోని ఏకశిలాగిరిని చూసినవారికి ఆ పేరులోని ఔచిత్యాన్ని వేరే చెప్పవలసిన పనిలేదు. మా సీమలో రాయి లేని చోటు అరుదు. పొలంలో రాయి, పెరట్లో రాయి, బడి ఆవరణలో రాయి, గుడి వెనుక రాయి. ఎత్తుగా నిలిస్తే గుట్ట అన్నాం. నేలమీద పరచుకుంటే బండ అన్నాం. గుండ్రంగా ఉంటే గుండు అన్నాం. రాతితో ఇంతగా కలిసి బతికినవాళ్ళం గనుక రాతిని గురించి మనకంతా తెలుసుననుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. నా అజ్ఞానాన్ని నాకు చూపించినవి మా ఇంటి ముంగిట్లోని మూడు గుండ్లు.

మా నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయులు. 1984లో, నేను ఇంటర్మీడియట్ చదువుతున్న రోజుల్లో, హనుమకొండ శివారులో ఒక గుట్ట పాదాన 300 గజాల స్థలం కొన్నారు. చుట్టుపక్కల స్థలాల కంటే అది చౌకగా దొరికింది. కారణం ఆ మూడు గుండ్లే. చూడవచ్చిన ప్రతివారూ వాటిని చూసి వెనుదిరిగారట. మూడేళ్ళ తరువాత నాన్నగారు స్థలం వెనుకభాగంలో ఇల్లు కట్టించి, ముందుభాగాన్ని రాళ్ళకే విడిచిపెట్టారు. వసారా నుంచి వీధిగేటుకు నేరుగా కొలిస్తే 16 అడుగులు. కాని ఆ నేరుదారి మనుషులది కాదు, రాళ్ళది. మేము రాళ్ళ సందుల్లోంచి, ఎగుడుదిగుడు మెట్లు దిగి, ఒకరి వెనుక ఒకరం నడిచేవాళ్ళం.

మా అమ్మకు ఆ రాళ్ళతో వేరే అనుబంధం ఉండేది. వాటిలో పెద్దదాని పైభాగం చాపలాగా చదును. వేసవిలో వడియాలు, సంక్రాంతికి ముందు నువ్వులు, కారం కొట్టించే రోజుల్లో మిరపకాయలు దానిమీదనే ఎండేవి. సాయంకాలం నాన్నగారు ఆ గుండుకు ఆనుకొని పత్రిక చదివేవారు. 2011లో ఆయన కాలం చేసిన తరువాత ఆ చోటు అమ్మదైంది. వీధిలో పోయేవారిని పలకరిస్తూ, పొద్దుగుంకే దాకా అక్కడే కూర్చునేది.

2017 ఆషాఢమాసంలో ఒక రాత్రి వాన కురిసి వెలిసింది. గేటుకు గడియ వేయలేదేమోనన్న అనుమానంతో అమ్మ ఒంటరిగా బయటికి వెళ్ళింది. అప్పటికామెకు 76 ఏళ్ళు. పాచిపట్టిన మెట్టుమీద కాలు జారి రెండు గుండ్ల నడుమ పడిపోయింది. తుంటి ఎముక విరిగింది. శస్త్రచికిత్స జరిగి, కొన్ని వారాల తరువాత నాలుగు కాళ్ళ చేతిఊత పట్టుకొని లేచి నిలబడింది. రోజూ నడిపించాలనీ, నడక మానితే కాళ్ళు పట్టుతప్పుతాయనీ ఆమెకు వ్యాయామం నేర్పిన అమ్మాయి మరీమరీ చెప్పింది. మెట్లు మాత్రం దిగనివ్వకూడదన్నది. మా ఇంట్లో గేటుకు వెళ్ళాలంటే మెట్లు తప్ప మరో దారి లేదు.

పాదలేపం మంచుకు కరిగిపోయి హిమగిరిమీద చిక్కుకున్న ప్రవరుని కథను నేను తరగతిలో ఇరవై ఏళ్ళకు పైగా చెప్పాను. ఇల్లు చేరలేని మనిషి ఆరాటాన్ని విద్యార్థులకు కళ్ళకు కట్టించగలననే నమ్మకం నాకుండేది. ఇంట్లోంచి కదలలేని మనిషి ఆరాటం ఎలా ఉంటుందో అమ్మ ముఖంలో చూశాకగాని తెలియలేదు. వసారా చివర కుర్చీలో కూర్చొని గేటు వైపు చూస్తూ ఉండేది. ఒకనాడు, అంతకుముందెన్నడూ ఏదీ అడగని మా అమ్మ, మెల్లగా అడిగింది:

“బతుకమ్మ పండుగ వరకన్న గేటు దాక పోతనా బిడ్డా?”

మా వీధి ఆడవాళ్ళంతా బతుకమ్మ ఆడేది మా గేటు ముందరి ఖాళీస్థలంలోనే. ఆ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఆమె ఒక్క ఏడాది కూడా తప్పలేదు. నా గొంతు పూడుకుపోయింది.

“పండుగలోగా ఈ రాళ్ళన్నీ తీయించేస్తానమ్మా” అన్నాను.

“నాకు రాళ్ళు తీసుడు గాదు బిడ్డా, తొవ్వ గావాలె” అన్నది.

రెండూ ఒకటేననుకున్నాను. ఆ మాటలో ఉన్న తేడా అర్థం కావడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మూడు గుండ్లలో చిన్నది రెండడుగుల వ్యాసం కలది. దాన్ని మనమే దొర్లించవచ్చునని నేనూ, డిగ్రీ చదువుతున్న మా అబ్బాయీ ఒక ఆదివారం ఉదయం పూనుకున్నాం. నల్లరాయి గాని, మా ప్రాంతపు బూడిదరంగు గ్రానైటు గాని, ఘనపు మీటరుకు రెండున్నర టన్నులకు పైగా తూగుతుంది. ఆ లెక్కన మా చిన్న గుండు బరువు మూడు క్వింటాళ్ళకు పైమాటే. ఆ లెక్క నేను ముందు వేసుకోలేదు. గుండు కింది మట్టిని తవ్వి, గడ్డపార దూర్చి, ఇద్దరం బలమంతా పెట్టి పైకెత్తాం. గుండు కదిలింది. కదిలిన తరువాత ఆగలేదు. వాలుకు దిగువన నిలబడిన మా అబ్బాయి పక్కకు దూకాడు. గుండు పోయి నల్లాపైపును విరగ్గొట్టి ప్రహరీగోడకు తగిలి ఆగింది. నీళ్ళు చిమ్ముతున్నాయి. వాడు ఒంటికాలిమీద నిలబడి ఉన్నాడు. రెండోకాలి చెప్పు రాతికింద అతుక్కుపోయి ఉంది. ఆ చెప్పును చూసి నేను అక్కడే కూలబడిపోయాను.

ఆ తరువాత మట్టితవ్వే యంత్రాన్ని పిలిపించాను. దాన్ని లోపలికి తేవడానికి గేటు పక్కగోడ కొంత తీయవలసివచ్చింది. రెండో గుండును అది కదిలించలేకపోయింది. మూడోదానిమీద ఇనుపపళ్ళు గీరుకొని తెల్లటి చారలు పడ్డాయి, అంతే. యంత్రం వెళ్ళిపోయిన సాయంకాలం మరొకతను వచ్చాడు. రాత్రిపూట మందు కూరి పేలిస్తే రెండు దెబ్బలలో పని ముగిసిపోతుందనీ, ఎవరికీ తెలియనవసరం లేదనీ అన్నాడు. పేలుడు పదార్థాలను లైసెన్సు లేకుండా వాడరాదని 1884 నాటి చట్టమే చెబుతున్నది. పేలుడుకు రాతిముక్కలు ఎంత దూరం ఎగురుతాయో ఎవరూ చెప్పలేరు. నేల అదిరితే గోడలు బీటలిస్తాయి. మా ఇంటిగోడ ఆ గుండుకు 12 అడుగుల దూరంలో ఉంది. ఇవన్నీ తెలిసి కూడా నేనొక రాత్రంతా ఆలోచించాను. పండుగ దగ్గరపడుతోంది. ఉదయం లేచి అతనికి సరేనని చెప్పబోతున్నాను. మా ఆవిడ ఒక్కటే ప్రశ్న అడిగింది: “ఆ రాత్రి అత్తయ్యను ఎక్కడ పడుకోబెడదాం?” నేను ఫోను కింద పెట్టేశాను.

కూలీల అడ్డాలో వాకబు చేయగా ఒక వడ్డెర దంపతుల సంగతి తెలిసింది. చెరువులు తవ్వడం, బావులు తోడడం, రాళ్ళు కొట్టడం వడ్డెరలకు తరతరాల వృత్తి. ఆయనకు 65 ఏళ్ళుంటాయి. బక్కపలచని మనిషి. వచ్చీరాగానే పనిముట్లు దించలేదు. చిన్న సుత్తితో మూడు గుండ్లనూ అక్కడక్కడ తట్టుతూ, తలవంచి విన్నాడు. తరువాత బిందెడు నీళ్ళడిగి రాళ్ళమీద పోయించాడు. బీడీ వెలిగించి గోడపక్కన కూర్చున్నాడు. నాకు విసుగు వచ్చింది.

“పని ఎప్పుడు మొదలుపెడతారు పెద్దాయనా?” అన్నాను.

“మొదలు పెట్టిన గద సారూ” అన్నాడు.

కొంతసేపటికి రాళ్ళు ఎండసాగాయి. రాయంతా ఆరిపోయినా కొన్ని గీతలు మాత్రం నల్లగా తడిగా మిగిలాయి. కంటికి కనబడని పగుళ్ళు నీటిని తాగి దాచుకుంటాయట. ఆ తడిగీతలవెంట వేలు పెట్టి నడిపిస్తూ ఆయన తీర్పు చెప్పాడు. గోడకానుకున్న చిన్న గుండు ఒట్టి దొర్లుడు రాయి, గడ్డపారలతో జరపవచ్చు. రెండోది నేలమీద కూర్చున్న రాయి, పగలగొడితేగాని కదలదు. మూడోదాని దగ్గరకు వచ్చి, దాని వీపుమీద అరచేయి వేసి నిలబడ్డాడు.

“గిది రాయి గాదు సారూ, గుట్ట తలకాయ. మీ ఇల్లు గూడ దీని మీదనే కూసున్నది. దీన్ని తియ్యాల్నంటే ఇల్లు తియ్యాలె.”

ఆయన ఒక్క మాటలో చెప్పినదాన్ని నేను తరువాత పుస్తకాల్లో వివరంగా చదువుకున్నాను. మా ప్రాంతపు గ్రానైటు దాదాపు 250 కోట్ల సంవత్సరాల నాటిది. భూమి లోపల కరిగిన శిలాద్రవం మెల్లమెల్లగా చల్లారి ఈ రాయి అయింది. పైనున్న పొరలు కొట్టుకుపోయినకొద్దీ రాతిలో నిలువుగానూ అడ్డంగానూ పగుళ్ళు ఏర్పడ్డాయి. ఆ పగుళ్ళలోకి నీరు దిగింది. ఏ రాతికైనా మూలలు ముందుగా చివుకుతాయి. రెండు మూడు దిక్కుల నుంచి నీరు తాకేది అక్కడే గనుక. అలా యుగయుగాలు గడిచేసరికి పెట్టెల్లాంటి శిలలు గుండ్లయ్యాయి. చివికిన మట్టి వానకు కొట్టుకుపోగా గుండ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు బయటపడ్డాయి. వాటిని ఏ రాక్షసుడూ విసరలేదు, ఏ వరదా మోసుకురాలేదు. అవి పుట్టినచోటనే ఉన్నాయి. మనమే వాటి నడుమకు వచ్చాం.

కూలి మాట్లాడే సమయం వచ్చింది. ఆయన పన్నెండు వేలడిగాడు. నేను బేరమాడి తొమ్మిది వేలకు ఒప్పించాను. ఆనాడది గడుసుదనమనిపించింది.

చిన్న గుండుతో పని మొదలైంది. మేమిద్దరం చెమటోడ్చి ప్రమాదం తెచ్చుకున్న పనిని ఆయన భార్యతో కలిసి గంటలో ముగించాడు. ఎక్కడా బలం చూపించలేదు. అయిదడుగుల గడ్డపారకు మొనదగ్గర అర అడుగు వదిలి కింద చిన్న రాయి పెట్టేవాడు. అంటే ఆ చివర ఆయన వేసే ఒక్క పాలు బరువు ఈ చివర తొమ్మిది పాళ్ళవుతుంది. గుండు బెత్తెడు లేవగానే ఆమె కింద ముక్కరాయి తోసేది. మళ్ళీ బెత్తెడు, మళ్ళీ ముక్కరాయి. ఒక్కసారి కూడా ఇద్దరిలో ఎవరూ వాలుకు దిగువన నిలబడలేదు. “రాయి ఎటు పోవాల్నని సూస్తదో అటుదిక్కు మనిషి ఉండొద్దు సారూ” అన్నాడు. మా అబ్బాయి తన కాళ్ళవంక చూసుకున్నాడు.

రెండో గుండు అయిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. బరువు నాలుగు టన్నులుంటుంది. దానిమీద ఆయన బొగ్గుతో ఒక గీత గీశాడు. ఆ గీతవెంట జానెడు దూరానికొకటి చొప్పున గుంటలు తొలచసాగాడు. ఉలిమీద సుత్తిదెబ్బ, ఉలిని కాస్త తిప్పడం, మళ్ళీ దెబ్బ. ప్రతి గుంటలోనూ ఆమె చెంబుతో నీళ్ళు పోస్తూ ఉండేది. పగలంతా కొడితే మూడు గుంటలు. నేను కళాశాల నుంచి రాగానే లెక్కపెట్టేవాణ్ణి. రెండో రోజుకు ఆరు. నా మనస్సులో బతుకమ్మకు మిగిలిన రోజుల లెక్క నడుస్తోంది. మూడోరోజు ఆయనతో చెప్పకుండానే కరెంటుతో నడిచే డ్రిల్లింగు యంత్రాన్నీ, దాన్ని నడిపే కుర్రవాణ్ణీ అద్దెకు తెచ్చాను.

యంత్రం మొదలైన పది నిమిషాలకు ముంగిలంతా తెల్లటి దుమ్ము కమ్మింది. తులసికోట కనబడలేదు. వసారాలో అమ్మ కొంగు అడ్డం పెట్టుకొని దగ్గుతోంది. పెద్దాయన వచ్చి ప్లగ్గు లాగేశాడు. కోపంగా కాదు. కుర్రవాడికి మంచినీళ్ళిచ్చి, గుండుమీద కూర్చొని, నన్ను కూర్చోమన్నాడు.

“నా పెద్దకొడుకు కంకర మిల్లుల పనిజేసిండు సారూ. ఏడేండ్లు జేసిండు. దుమ్ము లోపట గూసున్నది. దగ్గు దగ్గుకుంటనే పాయె. ముప్పై ఏండ్లు గూడ నిండలే. గందుకే నా ముసల్ది గుంటల నీళ్ళు పోసుడు. పని జల్ది గావాల్నంటే నాకు గూడ తెలుసు.”

గ్రానైటులో ఉండే సిలికా కంటికి కనబడనంత సన్నని ధూళిగా ఊపిరితిత్తుల్లో చేరితే అక్కడ మచ్చలు కట్టి ఊపిరి కుంచించుకుపోతుంది. ఆ వ్యాధిని సిలికోసిస్ అంటారు. పడిన మచ్చను మాన్పే మందు లేదు. పడకుండా చూసుకోవడమే మందు. ధూళి లేవకుండా తడపడం, ముక్కుకు సరైన తొడుగు వేసుకోవడం అందుకే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ వ్యాధి బయటపడితే తప్పనిసరిగా తెలియజేయాలని నిర్దేశించింది. కాని ఊరూరా తిరిగి రాయి కొట్టే కూలికి ఫ్యాక్టరీ ఏది? నేను యంత్రాన్ని పంపించివేశాను. ఆనాటి నుంచి కళాశాలకు వెళ్ళేముందు రెండు గంటలు గుంటల్లో నీళ్ళు పోసే పని నేను తీసుకున్నాను. ఆ తల్లి మొదట ఒప్పుకోలేదు. మా అమ్మ వసారాలోంచి గదమాయించింది: “పోయనియ్యి చెల్లే, చదువుకున్నోనికి గూడ పని రావాలె.”

అమరకోశం రెండో కాండలోని శైలవర్గంలో రాతికి ఏడు పేర్లున్నాయి. పాషాణం, ప్రస్తరం, గ్రావం, ఉపలం, అశ్మం, శిల, దృషత్తు. ప్రాచీన సాహిత్యంలో డాక్టరేటు పొందిన నాకు అవన్నీ కంఠస్థం. ఆయనకు అక్షరాలు రావు. నీళ్ళు పోస్తూ ఒకరోజు అడిగాను, గీత అక్కడే ఎందుకు గీశావని.

“కట్టెకు లెక్కనే రాయికి గూడ వాటముంటది సారూ. వాటం జూసి అడిగితే అదే ఇడిపోతది. వాటం దప్పి కొడితే పలుకులు లేస్తయి గని పగలదు.”

ఏడు పేర్లూ తెలిసిన నాకు ఈ ఒక్క విషయం తెలియదు. సిగ్గుపడ్డానని చెప్పడం కంటే, కుతూహలపడ్డానని చెప్పడం సత్యానికి దగ్గర. ఎన్నో ఏళ్ళ తరువాత నేను మళ్ళీ విద్యార్థినయ్యాను.

ఆరోరోజు గుంటలు పూర్తయ్యాయి. ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క ఇనుపచీల నిలబెట్టి, సమ్మెటతో వరుసగా ఒక్కొక్కటే దెబ్బ వేస్తూ వెళ్ళాడు. ఏ చీలకూ రెండో దెబ్బ లేదు. చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చేవాడు. చీలలు బిగిసినకొద్దీ వాటి మోత హెచ్చుస్వరానికి పోసాగింది. నాలుగో వరుస అయ్యాక సమ్మెట దించి చాయ అడిగాడు. ఇంకా కొట్టవేమన్నాను. “రాయికి గూడ జర టైమియ్యాలె” అన్నాడు. మేము చాయ తాగుతున్నాం. అప్పుడు గుండులోంచి కొబ్బరిచిప్ప విరిగినంత చిన్న చప్పుడయింది. పేలుడు లేదు, దుమ్ము లేదు. ఆ గీతవెంట దారమంత సన్నని నల్లటి చీలిక పైనుంచి కిందికి దిగింది. 250 కోట్ల ఏళ్ళుగా వెలుగు చూడని రాతి లోపలిభాగం ఆ మధ్యాహ్నం ఎండను చూసింది. లోపల అభ్రకపు తునకలు మెరిశాయి.

ఆ గుంటల వరుసను చూస్తూ నాకు హంపీ గుర్తుకొచ్చింది. ఒకప్పుడు విద్యార్థులను విహారయాత్రకు తీసుకువెళ్ళినప్పుడు అక్కడి గుండ్లమీద సరిగ్గా ఇలాంటి గుంటల బారులు చూశాం. అవేమిటని ఒక అమ్మాయి అడిగింది. డేరాల గుంజలు పాతడానికి తొలిచినవి కావచ్చునని తడుముకోకుండా చెప్పాను. అవి రాయలనాటి శిల్పులు రాళ్ళను చీల్చడానికి తొలిచిన గుంటలు. చీల్చకుండా మిగిలిపోయిన గీతలు కూడా అక్కడున్నాయి. తెలియనిదాన్ని తెలియదని చెప్పడానికి నాకు ఆనాడు నోరు రాలేదు. ఆ అమ్మాయి ఇప్పుడెక్కడుందో! ఆ గుంటలను చూపి ఎవరికైనా నా మాటే చెప్పి ఉంటుందేమోనని నాకిప్పటికీ దిగులు.

రెండో గుండు నాలుగు ముక్కలైంది. ఇక మూడోది. దాన్ని పైపైన చెక్కించి నేరుగా 16 అడుగుల దారి వేయించాలన్నది నా పట్టుదల. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. అప్పుడే అమ్మకు వ్యాయామం చేయించడానికి వచ్చిన అమ్మాయి మా వాదన విన్నది. వసారా నేల గేటుకంటే ఎంత ఎత్తని అడిగింది. కొలిచాం, రెండడుగులు. ఊతపట్టుకొని నడిచేవారికి అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవైన వాలు ఉండాలనీ, రెండడుగులకు 24 అడుగుల దారి కావాలనీ, 16 అడుగుల్లో దింపితే అది జారుడుబల్ల అవుతుందనీ చెప్పింది. పెద్దాయన ఏమీ అనలేదు. తాడు తీసి వసారా అంచున పట్టుకోమని నాకిచ్చాడు. మూడో గుండు చుట్టూ వంపుతిప్పి గేటుదాకా లాగాడు. మా అబ్బాయి తాడును కొలిచాడు. అంగుళం అటూఇటుగా 24 అడుగులు.

నేనప్పుడు మూడో గుండు వంక చూశాను. దానిమీద యంత్రపు పళ్ళు గీసిన చారలున్నాయి. అడ్డమని నేను తొలగించబోయిన రాయే దారికి కావలసిన వంపునిచ్చింది. నేరుదారి నాకు కావాలి. అమ్మకు కావలసినది నడవగలిగే దారి. “రాళ్ళు తీసుడు గాదు, తొవ్వ గావాలె” అన్న మాట ఆ క్షణాన అర్థమయింది.

దారిపనికి మరి మూడురోజులు పట్టింది. రాతిపలుకులు అడుగున పరచి, మొరం పోసి దిమ్మిస చేసి, పైన సిమెంటు గరుకుగా వేశారు. నాలుగు ముక్కల్లో మూడు దారికి అంచులయ్యాయి. నాలుగోదాన్ని దుంగలమీద దొర్లించి, వంపు తిరిగేచోట, గుట్టతలకాయ నీడలో కూర్చోవడానికి వీలుగా అమర్చారు. ఒక్క రాయి కూడా ఇల్లు దాటలేదు. లెక్క తేల్చేరోజున నేను పన్నెండు వేలు ఆయన చేతిలో పెట్టాను. ఆయన లెక్కపెట్టి, మూడువేలు ఎక్కువున్నాయంటూ తిరిగి ఇవ్వబోయాడు. అవి మీరు మొదటిరోజు అడిగినవేనన్నాను. కాసేపు నా ముఖంలోకి చూసి, నోట్లు తలపాగాలో పెట్టుకున్నాడు. ఆ బేరం చేసిన చేదు నాలో ఇంకా కొంత మిగిలే ఉంది.

ఎంగిలిపూల బతుకమ్మనాడు సాయంకాలం అమ్మ కొత్తచీర కట్టుకొని వసారా అంచున నిలబడింది. నేను పక్కన చేయి పట్టుకోబోతే వద్దన్నది. ఊతను ముందుకు జరిపి ఒక అడుగు, మళ్ళీ జరిపి మరో అడుగు. వంపు దగ్గర రాతి అరుగుమీద కూర్చొని అలుపు తీర్చుకుంది. అరుగు అంచున, చీలిన గుంటల సగాలు దంతాల వరుసలాగా మిగిలి ఉన్నాయి. వాటిలో వేళ్ళు పెట్టి తడుముతూ, వెనుకనున్న గుట్టతలకాయ వంక చూసి, “మీ నాయిన ఆనుకున్న రాయి ఉండనే ఉన్నది గద” అన్నది. ఆ సంగతే నేను మరచిపోయాను. ఆమె లేచి మిగిలిన దూరం నడిచింది. గేటు బయట తంగేడు పూల బతుకమ్మలు వరుసగా ఉన్నాయి. ఆడపిల్లలు కుర్చీ వేశారు. తిరుగుతున్న వలయం నడుమ అమ్మ కూర్చొని, పాటకు తగినట్టు చప్పట్లు కొట్టింది.

ఆ తరువాత మరి నాలుగు బతుకమ్మలు ఆమె ఆ దారిమీదనే నడిచి వెళ్ళింది. ఇప్పుడు అమ్మ లేదు. ఆ పెద్దాయన కూడా మళ్ళీ అడ్డాలో కనబడలేదు. రాతి అరుగు ఉంది. మా ఇంటికి వచ్చే విద్యార్థులు దానిమీద కూర్చుంటారు. వాళ్ళ వేళ్ళు తమకు తెలియకుండానే అంచున ఉన్న గుంటల్లోకి వెళతాయి. ఇవేమిటి సార్ అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. ఇప్పుడు నాకు సమాధానం తెలుసు. ఎవరు నేర్పారో కూడా చెబుతాను.